కోతి కదిలితే గద్దకు భోజనం

అడవిలో కోతుల గుంపు సాగిపోతుంటుంది. దాని వెనకాలే ఓ గద్ద. గద్దను చూస్తే హడలిపోవాల్సిన కోతులు దాన్ని పట్టించుకోనే పట్టించుకోవు. కోస్టారికాలోని ఓసా ద్వీపకల్పంలో రోజూ కనిపించే దృశ్యమిది. ఆ జత కథేంటో చూద్దామని వెళ్తే... మన పొలాల్లోని కొంగలు గుర్తొచ్చాయి!

ముందు చప్పుడు వినిపించింది. ఆకుల మీద ఎవరో గుప్పెడు గులకరాళ్లు విసిరినట్టు టపటపమని. ఆ తర్వాత సన్నగా, పిట్టల అరుపుల్లాంటి కిచకిచలు. ముందు నడుస్తున్న మా గైడ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. 'టీటీ' అన్నాడు గుసగుసగా.

టీటీ అంటే మనకు రైల్లో టికెట్లు చూసే ఆయనే గుర్తొస్తాడు. ఇక్కడ మాత్రం అది ఓ బుల్లి కోతి పేరు. ఉడుత కోతి అన్నమాట. తలెత్తి చూస్తే ఒకటి కాదు, రెండు కాదు... కొమ్మ కొమ్మకీ ఒకటి. నారింజ రంగు వీపు, నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, సున్నం వేసినట్టు తెల్లటి మొహం, మూతి దగ్గర మాత్రం మసి పూసినట్టు నలుపు. ఒళ్లంతా కలిపి జానెడు మీద కొంచెం. తోక మాత్రం ఒంటికన్నా పొడుగు. ఒక్క క్షణం కుదురుగా ఉంటే ఒట్టు! ఒకటి ఆకు తిప్పి చూస్తోంది. ఇంకోటి ఎండు కొమ్మ బెరడు పీకుతోంది. మరోటి చుట్టుకుపోయిన ఆకును అప్పడంలా విప్పుతోంది.

'కోతుల్ని కాదు, వాటి కింద చూడండి' అన్నాడు గైడ్.

కోతులకు ఓ నిలువు కింద, ఖాళీ కొమ్మ మీద, కదలకుండా ఓ పక్షి. వంకర ముక్కు, గుండ్రటి కళ్లు, తెల్లటి గొంతు మీద నిలువుగా ఒకే ఒక్క నల్ల గీత. సందేహం లేదు, గద్దే. ఓ కోతి దానికి బారెడు దూరంలోంచి గెంతింది. దీని వంక అది చూడలేదు, దాని వంక ఇది కదల్లేదు.

నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత చిన్న కోతికి ఆకాశంలో ఎగిరే వంకర ముక్కు పక్షి అంటే యముడే కదా! మరి ఇదేంటి, చుట్టం వచ్చినట్టు పక్కనే కూర్చుంది?

పామాయిల్ తోటల్లోంచి...

ఆ గద్దను చూడ్డానికి పడ్డ పాట్లు కొంచెం చెప్పాలి. అది 2023 ఆగస్టు. కోస్టారికాలో అది వానాకాలం. రాజధాని శాన్‌హోసే నుంచి సియెర్పె అనే చిన్న ఊరికి కారులో అయిదారు గంటలు. పసిఫిక్ తీరం వెంబడి దక్షిణానికి వస్తుంటే కొబ్బరిచెట్లు తగ్గి పామాయిల్ తోటలు మొదలయ్యాయి. వరసలు వరసలుగా, కిలోమీటర్ల కొద్దీ. గెలల లారీలు, తోటల మధ్య ఎర్రమట్టి దారులు... క్షణంపాటు పశ్చిమగోదావరిలో ఉన్నామా అనిపించింది. ఆ తోటల సంగతి మళ్లీ చెబుతాను. కథలో వాటికీ పాత్ర ఉంది.

సియెర్పె దగ్గర రోడ్డు వదిలేసి పడవెక్కాలి. నది పొడవునా మడ అడవులు. కోరింగ చూసినవాళ్లకు కొత్తగా ఉండదు కానీ ఇక్కడ వేళ్లే తాటిచెట్టంత ఎత్తున్నాయా అనిపిస్తుంది. నది సముద్రంలో కలిసేచోట పడవ ఎగిరెగిరి పడుతుంది. అక్కడ కళ్లు మూసుకోని యాత్రికుడు ఉండడు! అది దాటితే డ్రేక్ బే. రాత్రికి అక్కడే మకాం. తెల్లారుజామున మళ్లీ పడవ. గంటన్నర సముద్ర ప్రయాణం. ఆగస్టు కదా, దక్షిణార్ధగోళం నుంచి పిల్లల్ని కనడానికి వచ్చిన హంప్‌బ్యాక్ తిమింగలాలు దూరంగా వీపు చూపించి వెళ్లాయి.

పడవ రేవంటూ లేదు. మోకాళ్ల లోతు నీళ్లలోకి దూకి, చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకి నడవాలి. అదే కోర్కోవాడో నేషనల్ పార్కు. అక్కడి సిరేనా రేంజర్ స్టేషనే మా మజిలీ. గైడ్ లేకుండా లోపలికి రానివ్వరు. 2014 నుంచి ఆ నిబంధన పెట్టారు. మంచిదే అయింది. గైడ్ లేకపోతే నేను కోతుల్ని చూసి, ఫొటో తీసుకుని, గద్దను చూడకుండానే తిరిగొచ్చేవాణ్ని.

ఒక్క తీరానికే పరిమితం

కోర్కోవాడోలో నాలుగు రకాల కోతులున్నాయి. పొద్దున్నే పులిలా గర్జించే హౌలర్, పొడుగు కాళ్లూ చేతులతో ఊయలలూగే సాలీడు కోతి, తెల్లమొహం కపుచిన్, ఈ ఉడుత కోతి. కోస్టారికా మొత్తం మీద ఉన్నవీ ఆ నాలుగు రకాలే. అన్నిట్లోకీ చిన్నది మన టీటీయే. బాగా తిన్నా కిలో తూగదు.

ఉడుత కోతి జాతులు అమెజాన్ అడవుల్లో ఇంకా ఉన్నాయి. కానీ ఈ ఎర్రవీపు రకం మాత్రం ప్రపంచం మొత్తం మీద కోస్టారికా పసిఫిక్ తీరంలో కొంత, దాన్ని ఆనుకున్న పనామా మూలలో కొంత... అంతే. దక్షిణ అమెరికాలోని దాని దాయాదులకీ దీనికీ మధ్య వందల కిలోమీటర్ల ఖాళీ. అందుకే ఒకప్పుడు 'ఇవి ఇక్కడివి కావు, పూర్వం ఎవరో మనుషులే పడవల్లో తెచ్చి వదిలారు' అనుకున్నారు. జన్యువుల్ని పరిశీలించాక అది నిజం కాదని తేలింది. మనుషులు ఈ ఖండంలో అడుగుపెట్టకముందే ఈ కోతులు విడిపడి, ఇక్కడే స్థిరపడ్డాయి.

గుంపులో ఇరవై నుంచి డెబ్భై దాకా ఉంటాయి. మన ఊళ్లలోని కోతుల గుంపులో అయితే ఓ పెద్ద మగకోతి, దాన్ని చూసి మిగతావి ఒదిగి ఉండటం మామూలు. ఇక్కడ ఆ దర్జా లేదు. పెత్తనం కోసం కొట్లాటలు చాలా తక్కువ. ఎందుకంటే తినే తిండి అలాంటిది. ఒకరు కాపలా కాయగల పండ్లచెట్టు కాదు వీటి ఆస్తి. ఆకు మడతలో దాక్కున్న పురుగు, బెరడు కింద సాలీడు, ఎండుటాకుల్లో మిడత. ఎవరికి దొరికింది వాళ్లు నోట్లో వేసుకోవడమే. పళ్లూ తింటాయి, పూల తేనే తాగుతాయి. కానీ రోజులో ఎక్కువ భాగం వెతుకులాట పురుగుల కోసమే.

ఇక్కడే గద్దకు పని దొరికింది.

పారిపోయిందే దాని వాటా

యాభై కోతులు ఒక్కసారి ఆకులన్నీ తిరగేస్తుంటే ఏమవుతుంది? ఒక పురుగు కోతి చేతికి చిక్కుతుంది. నాలుగు పురుగులు ఎగిరిపోతాయి. ఇలకోళ్లు, ఆకుమిడతలు, చిన్న చిన్న తొండలు... ప్రాణం అరచేత పట్టుకుని కిందికో పక్కకో దూకుతాయి. దూకిన పురుగు వెంట కోతి పడదు. ఆ కొమ్మల్లో అది పట్టలేదు కూడా. కింద కాచుక్కూర్చున్న గద్ద మాత్రం పట్టగలదు.

దీని పేరు రెండుపళ్ల గద్ద. పక్షికి పళ్లేంటి అనకండి. పైముక్కు అంచున రంపం పళ్లలా రెండు నొక్కులుంటాయి. మన కాకికన్నా చిన్నది, బరువు ఇంచుమించు రెండొందల గ్రాములు. అంటే ఎదిగిన కోతి దీనికి మూడు నాలుగింతలు బరువు! కోతులు ఎందుకు భయపడవో సగం జవాబు అక్కడే ఉంది. అది తినేది పురుగుల్నీ తొండల్నీ. కోతిని ఎత్తుకుపోవడం దాని తరం కాదు.

మేం చూస్తుండగానే పై కొమ్మల్లోంచి పచ్చగా ఏదో రాలింది. గద్ద కొమ్మ వదిలింది తెలియదు, తిరిగి కూర్చుంది తెలిసింది. కాలి కింద వేలంత ఆకుమిడత. రెక్కలు పీకి, తాపీగా తినేసి, మళ్లీ తల పైకెత్తింది. గుంపు ఓ ఇరవై గజాలు ముందుకు జరిగింది. గద్ద కూడా లేచి, ఓ ఇరవై గజాలు ముందుకెళ్లి, మళ్లీ కోతుల కిందే కూర్చుంది. గంటసేపు చూశాం. ఆరుసార్లు చోటు మార్చింది. ఆరుసార్లూ కోతుల వెనకే.

'వీళ్లకు తెలుసు, వాడు పనివాడు కాడు, దొరికింది ఏరుకునేవాడని' అన్నాడు గైడ్ నవ్వుతూ.

ఇది గైడ్ల మాట మాత్రమే కాదు. స్యూ బోయిన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1980ల్లో ఈ సిరేనా చుట్టుపక్కలే ఉడుత కోతుల వెంట నెలల తరబడి తిరిగారు. కోతులతోపాటు ఏయే పక్షులు వస్తున్నాయో రాసుకున్నారు. ఏదో దారిన పోతూ కలిసినవి కాక, పనిగట్టుకుని వెంటపడేవి ముఖ్యంగా మూడు రకాలని తేలింది. ఒకటి ఈ గద్ద. రెండోది మాను మీద నిలువుగా పాకే గోధుమరంగు పిట్ట. మూడోది బూడిదరంగు తల, పసుపుపచ్చ పొట్ట ఉన్న టానజర్ పిట్ట. పురుగులు బాగా తగ్గిపోయే వానాకాలంలో ఈ వెంటపడటం ఎక్కువట. తిండికి కరువొస్తే చుట్టరికం గుర్తొస్తుందన్నమాట. మేం వానలో వచ్చినందుకు బాధపడనక్కర్లేదని అప్పుడు తెలిసింది!

ఇందులో తమాషా ఏంటంటే, ఆ పిట్టలు రెండింటికీ ఈ అడవిలో ఇంకో కొలువుంది. నేలమీద దండు చీమలు కదులుతుంటాయి. లక్షల చీమలు చాప పరిచినట్టు సాగిపోతుంటే వాటి ధాటికి దాక్కున్న పురుగులన్నీ బయటపడతాయి. ఆ చీమల ముందు కాపు కాసి పురుగుల్ని పట్టుకోవడం ఈ పిట్టల పాత విద్య. కింద చీమలు కదిలిస్తే కింద, పైన కోతులు కదిలిస్తే పైన. కదిలించేది ఎవరైతేనేం!

మరి కోతులకేం లాభం? లెక్క చూస్తే ఏమీ లేదు. గద్ద వచ్చినందుకు వాటికి ఒక్క పురుగూ ఎక్కువ దొరకదు. పోయేదీ పెద్దగా లేదు, ఎందుకంటే గద్ద తినేది వాటి చేతికి అందనిదాన్నే. ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం లేదు. అంతే ఆ బంధం.

ఆకు గుడారంలో అలజడి

అయితే ఒక్కోసారి ఈ జత వేట ఇంకో స్థాయికి వెళుతుంది. మధ్యాహ్నం గైడ్ ఓ అరటిలాంటి మొక్క దగ్గర ఆగి, వంగి, ఆకు అడుగు భాగం చూపించాడు. ఈనెకు రెండు వైపులా ఎవరో పళ్లతో కొరికినట్టు వరసగా గాట్లు. దాంతో ఆకు రెండు పక్కలా కిందికి మడతపడి, గుడారంలా వేలాడుతోంది. కట్టింది గబ్బిలాలు. పగలంతా ఆ గుడారంలో వెచ్చగా, వానకు తడవకుండా నిద్రపోతాయి. ఆ ఆకులో మాత్రం ఎవరూ లేరు, ఖాళీ ఇల్లు.

ఆ గుడారాల జాడ ఉడుత కోతులకు తెలుసు. గబ్బిలాలున్న ఆకు కనిపిస్తే పైకి చేరి దాని మీదికి ఒక్క దూకు దూకుతాయి. లోపలున్నవి ఉలిక్కిపడి చెల్లాచెదురవుతాయి. కొన్ని కోతి చేతికి, కొన్ని... చెప్పేదేముంది, కింద కాచుకున్న గద్దకు! బోయిన్‌స్కీ, గబ్బిలాల నిపుణుడు రాబర్ట్ టిమ్ కలిసి ఈ విషయాన్ని 1985లోనే రాశారు. పురుగులు తినే బుల్లికోతి గబ్బిలాన్నీ వేటాడుతుందని, దాని వెనక గద్ద కూడా లబ్ధి పొందుతుందని లోకానికి తెలిసింది అలాగే.

ఎండలో పట్టపగలు గాల్లోకి లేచిన గబ్బిలం మన ఊళ్లో కాకులకు దొరికితే ఏమవుతుందో చూసినవాళ్లకు, ఇక్కడేం జరుగుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

మరో నీడ

రెండో రోజు పొద్దున సిరేనా నది వైపు నడుస్తున్నాం. మళ్లీ టీటీలు. మళ్లీ అదే కిచకిచ. నేను గద్ద కోసం వెతుకుతున్నాను. ఉన్నట్టుండి ఒక్క కీచు. సన్నగా, సూదిలా. అంతే... చెట్టు మీద ఉన్న యాభై కోతులూ రాయి జారినట్టు కిందికి జారిపోయాయి. గుబురు తీగల్లో మాయం. కిచకిచ లేదు, ఆకు కదలడం లేదు. వాన కూడా ఆగిందేమో అనిపించేంత నిశ్శబ్దం.

పైన ఆకుల సందుల్లోంచి ఓ పెద్ద నీడ వెళ్లిపోయింది. రెక్కలు వెడల్పు, తోక పొడుగు. ఏ పక్షో నాకు తెలియలేదు. గైడ్ మాత్రం 'జుట్టు డేగ' అన్నాడు. తలమీద నల్లటి పింఛం, మెడకు ఇటుకరంగు పట్టీ ఉండే ఆర్నేట్ హాక్ ఈగిల్ అది. కోతులంటే దానికి లెక్కలేదు.

పది నిమిషాల తర్వాత ఓ కోతి తల బయటపెట్టింది. తర్వాత ఇంకోటి. ఓ తల్లి బయటికొచ్చింది. దాని వెనక సగం ఎదిగిన పిల్ల.

ఆ పిల్ల కథ విన్నాక నాకు దాన్ని చూసే చూపు మారింది. ఉడుత కోతులు ఏటా ఫిబ్రవరి, మార్చిలోనే ఈనతాయి. అదీ ఎలాగనుకున్నారు? గుంపులో ఉన్న తల్లులన్నీ ఇంచుమించు ఒకే వారంలో! పెళ్లిళ్ల ముహూర్తాలన్నీ ఒక్క వారంలోనే వచ్చినట్టు. దాని వెనక లెక్క ఉంది. నెలకొకటి చొప్పున పుడితే డేగ నెలకొకటి చొప్పున ఎత్తుకుపోతుంది. అన్నీ ఒకేసారి పుడితే డేగ తినగలిగినన్నే తింటుంది, మిగతావి ఆలోగా కాస్త గట్టిపడతాయి. తల్లులన్నీ ఒకే సమయంలో కళ్లు కాయలు కాచేలా కాపలా కాస్తాయి. ఇంత చేసినా, పుట్టినవాటిలో దాదాపు సగం ఆరు నెలలు నిండకుండానే పోతాయి. ఎక్కువ భాగం పక్షుల పాలే. నా కళ్లముందున్న పిల్లకు అప్పటికి అయిదు నెలలు దాటుంటాయి. అంటే అది గట్టెక్కిన సగంలో ఒకటి.

అప్పుడర్థమైంది, మొదటిరోజు చూసింది ఎంత పెద్ద విషయమో. రెక్కల చప్పుడు వింటే ప్రాణం పోయేంత భయం ఉన్న జంతువు... వచ్చింది ఏ రెక్కో చూసి తేల్చుకుంటోంది. ఈ వంకర ముక్కు మన జోలికి రాదు, ఆ వంకర ముక్కు వస్తే బతకం. పొరపడితే రెండువైపులా నష్టమే. ప్రతి గద్దకీ పారిపోతే రోజంతా పస్తు. ఒక్క డేగను గద్ద అనుకుంటే అదే ఆఖరి పొరపాటు. మిడత కోసం ఆకు తిప్పుతూనే ఆ బుల్లి బుర్ర అంత లెక్క వేస్తోంది.

బంగారం, అరటి, పామాయిల్

సాయంత్రం స్టేషన్ వరండాలో కూర్చున్నాం. ఎదురుగా గడ్డి పెరిగిన విమానాల దారి. కుండపోత వాన. గైడ్ తన సంగతులు చెప్పాడు.

'మా నాన్న ఓరెరో' అన్నాడు. అంటే బంగారం కడిగేవాడు. ఈ అడవి వాగుల్లో ఇసుకలో బంగారం రేణువులు దొరికేవి. 1975లో ప్రభుత్వం ఇక్కడ నేషనల్ పార్కు పెట్టింది. అయినా బంగారం కోసం వచ్చేవాళ్లు ఆగలేదు. 1980ల మధ్యలో తీరంలోని అరటి కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాక పనుల్లేనివాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. వాగులు బురదయ్యాయి. చివరికి ప్రభుత్వం వాళ్లందర్నీ అడవిలోంచి పంపేసింది. 'నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. నాన్న పళ్లెం తీసుకుని బయటికొచ్చాడు. మళ్లీ లోపలికి రాలేదు. నేనొచ్చాను, మీలాంటివాళ్లను తీసుకుని' అన్నాడు.

అరటి పోయినచోట పామాయిల్ వచ్చింది. మేం దారిలో చూసిన తోటలవే. ఉడుత కోతి పెద్ద అడవే కావాలని పట్టుబట్టే రకం కాదు. చిట్టడవి, తీగలు అల్లుకున్న పొదలు, నరికాక మళ్లీ చిగిర్చిన అడవి ఉన్నా సరిపెట్టుకుంటుంది. కానీ అలాంటి పల్లపు నేలే మనిషికీ కావాలి. అరటికి, పశువుల మేతకు, పామాయిల్‌కు, హోటళ్లకు. తోట దాటి అవతలి అడవికి వెళ్లాలంటే నేల మీద దిగాలి, నేల మీద దిగితే కుక్కలు. రోడ్డు పక్క కరెంటు తీగ పట్టుకుంటే షాకు. అందుకే ఇవాళ ఈ కోతి అంతరించే ముప్పున్న జంతువుల జాబితాలో ఉంది.

ఇక్కడికి ఉత్తరాన మాన్యుయెల్ ఆంటోనియో అనే చోట దీని దగ్గరి బంధువులున్నాయి. అక్కడ 1999లో తొమ్మిదేళ్ల అమ్మాయిలు ఇద్దరు, రోడ్డు పక్క చిన్న వస్తువులు చేసి అమ్మి, అడవి కోసం డబ్బు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. అదే పెరిగి ఓ సంస్థ అయింది. కోతులు తీగలు పట్టుకోకుండా రోడ్డు మీదుగా చెట్టు నుంచి చెట్టుకు తాళ్ల వంతెనలు కట్టారు. ఇప్పుడు ఆ దారిన వెళ్తే తలమీద తాళ్లు కనిపిస్తాయి. వాటి మీద వరసగా నడిచిపోయే టీటీలూ కనిపిస్తాయి.

దేశం కూడా కొంత దారి మళ్లింది. 1980ల నాటికి కోస్టారికాలో అడవి దారుణంగా కరిగిపోయింది. 1996లో తెచ్చిన అటవీ చట్టంతో అడవిని నరికి ఇంకో పనికి వాడటాన్ని నిషేధించారు. తన భూమిలో చెట్లు ఉంచుకున్న రైతుకు ప్రభుత్వమే ఏటా డబ్బివ్వడం మొదలైంది. ఆ డబ్బులో పెద్ద భాగం పెట్రోలు, డీజిల్ మీద వేసిన పన్ను నుంచే. నేడు దేశంలో సగానికి పైగా మళ్లీ పచ్చగా ఉంది. అయితే తిరిగొచ్చిన అడవంతా టీటీ ఉండే ఈ తీరంలో లేదు. అదే చిక్కు.

ముందు నడిచేవాడికే దారి లేదు

'ఈ కోతులు లేకపోతే ఆ గద్ద ఏమవుతుంది?' అని అడిగాను.

గైడ్ కాసేపు వాన చూశాడు. 'దానికేం కాదు' అన్నాడు. 'కపుచిన్ల వెనక వెళ్తుంది. అవీ లేకపోతే ఒంటరిగా వేటాడుకుంటుంది. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఎక్కడైనా బతుకుతుంది. టీటీకే ఇంకో చోటు లేదు.'

తర్వాత నవ్వాడు. 'ఒకరకంగా నేనూ ఆ గద్దనే. పొద్దున్నుంచి కోతుల వెనక తిరిగి బతుకుతున్నాను. మీరు కూడా అంతే కదా, వాటి వెనకే అంతదూరం నుంచి వచ్చారు. రేపు ఇవి లేకపోతే మీరు ఇంకో దేశం వెళ్తారు.'

కాదనడానికి నోరు రాలేదు.

చిన్నప్పుడు మా ఊళ్లో నాగలి చాలు వెనక తెల్లకొంగలు నడిచేవి. గేదె వీపు మీద చీలిన తోకతో నల్లపిట్ట కూర్చుని, గేదె గడ్డిలో అడుగేసినప్పుడల్లా లేచిన పురుగును గాల్లోనే పట్టుకుని మళ్లీ వీపెక్కేది. దాని పేరే పసుల పోలిగాడు. పశువుల వెంట తిరుగుతుంది కాబట్టి మనవాళ్లు దానికి పాలేరు కుర్రాడి పేరు పెట్టేశారు! కొంగకూ గేదెకూ స్నేహమని మాకు చెప్పేవాళ్లు. మేమూ నమ్మేవాళ్లం.

ఇప్పుడు మా ఊళ్లో ఎడ్లు లేవు. నాగళ్లు అటకెక్కాయి. కొంగలు మాత్రం ఉన్నాయి. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక, ఆ మోతకూ పొగకూ జంకకుండా, అదే వరసలో నడుస్తున్నాయి. మట్టి తిరగేసేది ఎద్దయినా ఒకటే, ఇంజనైనా ఒకటే వాటికి. కొంగ నిలబడింది. వెళ్లిపోయింది ఎద్దు.

మూడో రోజు పొద్దున పడవ కోసం ఒడ్డుకొస్తుంటే ఇసుక పక్కనున్న చెట్ల మీద టీటీల గుంపు కనిపించింది. ఈసారి నేను ముందు కిందికి చూశాను. గద్ద ఉంది, తల పైకెత్తుకుని. తర్వాత పైకి చూశాను. ఆ అయిదు నెలల పిల్లో, దాని ఈడుదే ఇంకోటో, చుట్టుకున్న ఆకును రెండు చేతులా విప్పుతోంది. తల్లి చూపు మాత్రం ఆకు మీద లేదు. ఆకాశం మీద ఉంది.

ఎలా వెళ్లాలి?

మన దగ్గర్నుంచి కోస్టారికాకు నేరుగా విమానాల్లేవు. యూరప్ మీదుగానో అమెరికా మీదుగానో శాన్‌హోసే చేరాలి. అక్కణ్నుంచి సియెర్పె మీదుగా పడవలో డ్రేక్ బేకు, లేదా రోడ్డు మార్గాన ప్యూర్తో హిమెనెస్‌కు వెళ్లొచ్చు. రెండు చోట్ల నుంచీ కోర్కోవాడోకు గైడ్లు దొరుకుతారు. సిరేనా స్టేషన్‌లో రాత్రి ఉండాలంటే ముందే బుక్ చేసుకోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండకాలం, నడవడం తేలిక. పురుగుల కరువులో కోతుల వెంట గద్దలు చూడాలంటే వానాకాలమే మేలు. గొడుగు కాదు, రబ్బరు బూట్లు తీసుకెళ్లండి. బైనాక్యులర్స్ మర్చిపోకండి. కోతులకు ఏమీ పెట్టకండి. వాటి తిండి అవి వెతుక్కుంటేనే, కింద ఉన్నవాడికీ భోజనం!